మనసు చతికిలపడితే...

పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చేతికందే ముందు గుండె దడదడ కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం, నాలుక పిడచకట్టుకుపోవడం మీ అందరికీ అనుభవమే కదూ? ఇది జబ్బు కాదు, పిరికితనం అంతకన్నా కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా అమరి ఉన్న అధివృక్క గ్రంథుల గురించి జీవశాస్త్రంలో చదివే ఉంటారు. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలాయన్నమాట. పొలంగట్టు మీద పాము ఎదురైనా, వీధికుక్క వెంటబడినా జరిగేది ఇదే. ఆపదలో తిరగబడడానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇదని అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించాడు.

అడ్రినలిన్ పని నిమిషాల్లో ముగుస్తుంది. దాని వెనకాలే అవే గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే మరో హార్మోను వస్తుంది. రక్తంలో చక్కెరను పెంచి, మెదడుకూ కండరాలకూ కావలసిన శక్తిని అందుబాటులో ఉంచడం దాని పని. మరి అది ఎప్పుడు ఆగాలి? ఇక్కడే ఒక చమత్కారం ఉంది. ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టెను గమనించండి. కావలసినంత వేడెక్కగానే లోపలి ద్విలోహపు పట్టీ వంగి కరెంటు ఆగిపోతుంది. చల్లారగానే మళ్లీ వస్తుంది. కార్టిసాల్ కూడా అంతే. రక్తంలో తగినంత చేరగానే అదే మెదడుకు వెళ్లి "ఇక చాలు" అని చెబుతుంది. ఆ కబురు అందుకునే భాగాలలో ఒకటి హిప్పోకాంపస్. మన జ్ఞాపకాలకు ఆయువుపట్టు కూడా అదే.

పట్టీ చెడిపోతే ఏమవుతుంది? బట్ట కాలుతుంది. మూడు గంటల పరీక్ష ఆ పట్టీని ఏమీ చెయ్యదు. నెలల తరబడి సాగే ఒత్తిడి చేస్తుంది. ఇంట్లో తెమలని అప్పులు, రాత్రిళ్లు తండ్రి తాగొచ్చి చేసే గొడవ, హాస్టల్ గోడ మీద వారం వారం అతికించే మార్కుల జాబితా, పేరు పెట్టి ఏడిపించే తోటివాళ్లు. ఇవి పాములా ఎదురై పోయేవి కావు, రోజూ ఉండేవి. కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన హాన్స్ సెల్యే 1936లో ఒక వింత సంగతి ప్రకటించాడు. ఎలుకలను చలిలో ఉంచినా, మితిమీరి శ్రమ పెట్టినా, గాయపరిచినా ఫలితం ఒకటే. వాటి అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి. ఇలాంటి స్థితికి తర్వాత ఆయన స్ట్రెస్ అన్న మాట వాడాడు. మీ భౌతికశాస్త్రంలో ప్రతిబలం అని చదివేది ఈ స్ట్రెస్‌నే. వైద్యంలోకి వచ్చేసరికి మనం దాన్ని ఒత్తిడి అంటున్నాం.

ఒత్తిడి ఎంతకీ వదలనప్పుడు కొందరిలో డిప్రెషన్ వస్తుంది. తెలుగులో కుంగుబాటు అంటున్నాం. మార్కులు తగ్గినందుకు నాలుగు రోజులు ఏడవడం కుంగుబాటు కాదు, అది దుఃఖం. దుఃఖంలో కూడా మధ్యమధ్య నవ్వు వస్తుంది, అమ్మ చేసిన గారెలు రుచిస్తాయి. కుంగుబాటులో ఆ రుచే పోతుంది. క్రికెట్టంటే ప్రాణమిచ్చేవాడు బ్యాటు ముట్టడు. నిద్ర పట్టదు, లేదా పగలంతా నిద్రే. ఆకలి మారిపోతుంది. చదివిన పేజీ తలకెక్కదు. 'నేనెందుకూ పనికిరాను' అన్న ఆలోచన ఎడతెగదు. మీ వయసులో కొందరికి దిగులుకు బదులు చిరాకు, కోపం వస్తాయి. ఇలాంటివి కొన్ని కలిసి, రోజులో ఎక్కువసేపు, ఇంచుమించు రోజూ, రెండు వారాలు దాటి ఉంటే వైద్యులు దాన్ని కుంగుబాటుగా అనుమానిస్తారు. మెదడులో ఏదో ఒక్క రసాయనం తగ్గితే ఇదంతా వస్తుందని మీరెక్కడైనా చదివి ఉంటే, సంగతి అంత తేలిక కాదని తెలుసుకోండి. వంశం, బాల్యం, ఒత్తిడి, నిద్ర అన్నీ కలిసే ఇది వస్తుంది.

పెద్దలు ఈ స్థితికి పెట్టే పేరు ఒకటుంది: సోమరితనం. ఇది శుద్ధ తప్పు. ఎందుకు తప్పో చెప్పే ప్రయోగం ఒకటి చూద్దాం.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఈ పని చేశారు. (అదంత దయగల ప్రయోగం కాదు. ఇవాళ జంతువులపై ప్రయోగాలకు నియమాలు చాలా కఠినం.) మొదటి జట్టు కుక్కలకు కాళ్ల దగ్గర కరెంటు షాకు తగిలేది. పక్కనున్న పలకను తలతో నొక్కితే ఆగేది. రెండో జట్టుకూ సరిగ్గా అన్నే షాకులు, అంతే సేపు. కాని అవి ఏం చేసినా ఆగేవి కావు. మూడో జట్టుకు షాకులే లేవు. మర్నాడు అన్నింటినీ మధ్యలో పొట్టి అడ్డుగోడ ఉన్న పెట్టెలో ఉంచారు. గోడ దూకితే షాకు తప్పుతుంది. మొదటి, మూడో జట్ల కుక్కలు త్వరలోనే దూకడం నేర్చుకున్నాయి. రెండో జట్టులో ఎక్కువ కుక్కలు కాసేపు అటూ ఇటూ తిరిగి, చతికిలబడి, మూలుగుతూ షాకులు భరించాయి. అవి సోమరి కుక్కలా? కాదు. రెండు జట్లు పడ్డ బాధ సమానమే. తేడా అల్లా తమ ప్రయత్నానికి ఫలితం కనబడిందా లేదా అన్నదే.

'నిస్సహాయతను అవి నేర్చుకున్నాయి' అని అప్పట్లో ఆ ఇద్దరూ చెప్పారు. అసలు విశేషం తర్వాత వచ్చింది. మేయర్ ఏళ్ల తరబడి ఎలుకల మెదళ్లను పరిశీలించాడు. 2016లో ఆ ఇద్దరే కలిసి తమ పాత సిద్ధాంతాన్ని తలకిందులు చేస్తూ రాశారు. బాధ దీర్ఘంగా సాగితే మెదడు కాండంలోని ఒక కణాల గుంపు చురుకై, జంతువును కదలనివ్వకుండా చేస్తుంది. అది ఎవరూ నేర్పనక్కరలేదు, పుట్టుకతో ఉన్న ఏర్పాటే. నేర్చుకోవలసింది రెండోది. 'నేను చేసిన పనికి ఫలితం ఉంది' అని మెదడు ముందుభాగం పసిగట్టినప్పుడు, అది ఆ కణాల నోరు మూయిస్తుంది. ఒకసారి అలా నేర్చిన ఎలుకలు తర్వాతి కష్టానికి అంత తేలిగ్గా లొంగలేదు. సొంత సిద్ధాంతం తప్పని యాభై ఏళ్లకు తామే ఒప్పుకోవడం విజ్ఞానశాస్త్రంలో నాకు బాగా నచ్చే సంగతి.

ఇంతకీ చతికిలబడ్డ కుక్కలు కోలుకున్నాయా? కోలుకున్నాయి. అవతలి వైపు నుంచి పిలిచినా అవి రాలేదు. అప్పుడు మెడకు తాడు కట్టి గోడ దాటించారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. మొదట బరువంతా మనుషులే లాగవలసి వచ్చింది. పోనుపోను తేలికైంది. చివరికి వాటంతట అవే దూకాయి.

మనుషుల వైద్యంలోనూ దీనికి దగ్గరి పద్ధతి ఉంది. మనసు బాగుపడ్డాక పని చేద్దాం అని కూర్చోకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసును వెనక రప్పించడం. 1996లో నీల్ జాకబ్సన్ బృందం ఈ ఒక్క భాగాన్నీ, ఆలోచనలు మార్చే పూర్తి చికిత్సనూ పోల్చి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. పని ఎంత చిన్నదైనా ఫరవాలేదు. మా బడిలో పదో తరగతి కుర్రాడొకడు అర్ధసంవత్సర పరీక్ష తర్వాత పుస్తకం మూసేశాడు. వైద్యురాలు అతనికి చెప్పింది రోజుకు ఒకే ఒక లెక్క, పొద్దున ఎండలో చెరువుగట్టు దాకా నడక. నడకకు మేనమామ తోడు వెళ్లేవాడు. మొదటి వారం రెండు రోజులే సాగింది. నెల తిరిగేసరికి మానకుండా వెళ్లాడు. మార్చిలో లెక్కల పరీక్ష తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు.

రోజూ ఒకే వేళకు నిద్రలేవడం, పగటి వెలుతురు, చెమట పట్టే ఆట కూడా మేలు చేస్తాయని తేలింది. అయితే తీవ్రమైన కుంగుబాటు వీటితో మాత్రమే పోదు. మానసిక వైద్యుడు కావాలి, కొందరికి మందులూ కావాలి. ఆ మందులు తలనొప్పి మాత్రల్లా గంటలో పనిచెయ్యవు, కొన్ని వారాలు పడుతుంది. గుణం కనిపించింది కదా అని మధ్యలో సొంతంగా మానకూడదు. ఇంటి గొడవో, బడిలో వేధింపో కారణమైతే దాన్ని పెద్దలు ఆపాలి. షాకు ఆగకుండా కుక్కను ఓదార్చి ఏం లాభం?

మీ స్నేహితుడు ఇలా ఉంటే "ధైర్యంగా ఉండరా" అని వెళ్లిపోకండి. "పద, ఆ మలుపు దాకా నడిచొద్దాం" అనండి. ఇవాళ రాకపోతే రేపు మళ్లీ అడగండి. బతకాలని లేదన్న మాట అతని నోట వచ్చినా, మీ మనసులోనే మెదిలినా, అది దాచవలసిన రహస్యం కాదు. ఆ రోజే అమ్మానాన్నలకో, మీకు నమ్మకమున్న టీచరుకో చెప్పండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ సేవ పలుకుతుంది. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు డబ్బులేమీ అక్కరలేదు. రాత్రయినా పగలయినా, తెలుగులోనే మాట్లాడవచ్చు.