జపనీస్ పాఠానికి తెలుగు నోట్‌బుక్

ఇంట్లో బదిలీ ఆర్డరు రాగానే కొన్ని చదువులు మధ్యలో ఆగిపోతాయి. ఒక ఊళ్లో మొదలైన సంగీతం, ఇంకో ఊళ్లో సగం పట్టుబడ్డ కన్నడమో బెంగాలీయో అక్కడే ఉండిపోతాయి. ఆన్‌లైన్ భాషా కోర్సు మాత్రం మన వెంట వస్తుంది. మేము జపనీస్‌ను ఎంచుకున్నాం. ఎన్‌హెచ్‌కే వరల్డ్ వారి ఉచిత పాఠాలకు ఇంగ్లీషుతో పాటు హిందీ, బెంగాలీ వివరణలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక వరుస 48 పాఠాలది. జపాన్ ఫౌండేషన్ నడిపే ‘మినాతొ’లో సొంతంగా చదువుకునే కోర్సులున్నాయి. అందులో ఖాతా అమ్మానాన్నల చేత తెరిపించుకోవడం మంచిది.

మొదటి రోజునే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: విన్న మాటను ఏ లిపిలో రాసుకోవాలి? చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. మా సలహా తెలుగు. కారణం వినండి. జపనీస్‌లో ‘ఒబసన్’ అంటే పిన్ని లేదా అత్త వరస ఆవిడ, ‘ఒబాసన్’ అంటే మామ్మ. ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. దీర్ఘం గుర్తు పెట్టకుండా ఇంగ్లీషులో రాస్తే పిన్నీ మామ్మా ఒకరైపోతారు. హిందీ వాడుకలో ఒ, ఓల తేడా లేదు కాబట్టి అక్కడ ‘కొకొ’, ‘కోకో’ కలిసిపోతాయి. మనకు కల, కాలం వేరు; కొడి, కోడి వేరు; గది, గద్ది వేరు. ఆ చెవి మనకు ఇంట్లోనే తయారైంది.

తెలుగు మాట్లాడడమే తప్ప రాయడం అంతగా రానివాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకిది రెండు పనులు ఒకేసారి జరిగే దారి. ముందు అచ్చులు, గుణింతాలు, ఒత్తులు సరిచూసుకుంటే చాలు.

తరవాత హిరగన లిపి. మూల అక్షరాలు 46. రోజుకు ఐదు చొప్పున పది రోజులు. వరుస చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. బౌద్ధుల ద్వారా జపాన్ చేరిన సంస్కృత వర్ణమాల చదువు ఈ క్రమానికి ఆధారం. ‘హ’ మాత్రం ‘ప’ ఉండాల్సిన చోట కూర్చుంది, ఎందుకంటే ఒకప్పుడు దాన్ని ‘ప’ లాగే పలికేవారు. ఇప్పటికీ ‘క’ పక్కన రెండు చిన్న గీతలు పెడితే ‘గ’, ‘త’కు పెడితే ‘ద’, ‘హ’కు పెడితే ‘బ’ అవుతుంది!

వాక్యం దగ్గర మనకు ఇంకా సుళువు. ‘వతషి వ మిజు ఒ నొమిమస్’ అంటే ‘నేను నీళ్ళను తాగుతాను’. క్రియ చివర్నే ఉంది. ‘ఒ’ మన ‘ను’ చేసే పని చేస్తోంది. ‘గక్కో ని ఇకిమస్’ అంటే ‘బడికి వెళ్తాను’. ఇక్కడ ‘ని’ మన ‘కి’. ‘తొమొదచి తొ’ అంటే ‘స్నేహితుడితో’. ఈ చివరి పోలిక కాకతాళీయమే, అయినా ఒకసారి విన్నాక ఎవరూ మరిచిపోరు. ప్రశ్న అడగాలంటే చివర ‘క’ చేర్చాలి: ‘నొమిమస్ క?’, తాగుతారా? పాఠాన్ని ఇంగ్లీషు వాక్యంలోకి తిప్పి అర్థం చేసుకోబోతే ప్రతిదీ తలకిందులవుతుంది. నేరుగా తెలుగులోకి తెచ్చుకోండి.

తెలుగు లిపికి అందనివీ ఉన్నాయి. ‘మిజు’లో జ మన ‘జడ’లోది కాదు, ఇంగ్లీషు ‘జూ’లోది. రాతలో ‘మసు’ అని ఉన్నా చివరి ఉకారం దాదాపు వినిపించదు. ‘హషి’లో మొదటి అక్షరాన్ని పై స్వరంలో పలికితే అన్నం తినే పుల్లలు, టోక్యో యాసలో రెండోదాన్ని ఎత్తితే వంతెన. వీటికి చెవే గురువు. రాసేముందు ఆడియో మూడుసార్లు వినండి, గొంతెత్తి పలకండి. అపార్ట్‌మెంటులో పక్కవాళ్ళు వింటే విననీండి.

హిరగన పూర్తయ్యాక తెలుగు రాత తగ్గించాలి. మూడోవారం నుంచి కొత్త మాటను హిరగనలోనే రాసి, అర్థం మాత్రం తెలుగులో రాయండి. రోజుకు పావుగంట చాలు. సామాన్లు సర్దే వారంలో పాఠాలు ఆపి, నోట్‌బుక్‌ను లారీలోకి కాకుండా మీ చేతిసంచిలో వేసుకోండి. రైల్లో పాత పేజీలు తిరగేయడానికి నెట్ కూడా అక్కర్లేదు.