వేలిముద్ర వేసేముందు ఒక్క మాట

చెల్లీ, తుమ్మలపల్లె నుంచి పులివెందుల దాకా తెల్లారితే చాలు, చీనీ తోటలకు కూలికి పోయే ఆడోళ్లతో ఆటోలు కిక్కిరిసి ఉంటాయి. లారీలూ టిప్పర్లూ తిరిగేదీ ఆ దారిలోనే.

జరగరానిది జరిగితే తర్వాత ఏమవుతుందో నీకు తెలుసు. శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే పెద్దమనుషులు కూర్చుంటారు. లక్షో, రెండు లక్షలో చేతిలో పెట్టి రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. పోయింది ఆడమనిషైతే, "ఇంట్లో ఉండేదే కదా, ఆమెకేం సంపాదన?" అంటారు. ఆ మాటకు నాకు కడుపు రగిలిపోతుంది.

ఢిల్లీలో 2014లో బండి మీద పోతున్న భార్యాభర్తలు కారు ఢీకొని చనిపోయారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసులో ఇల్లాలి చాకిరీకి కూడా ఆదాయంగా లెక్క కట్టాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పులో విడిగా రాసిన జస్టిస్ ఎన్.వి.రమణ మన తెలుగాయనే. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 97 పెడుతున్నారన్న సర్కారు సర్వేను ఆయన అందులో ఎత్తి చూపారు.

ఆ లెక్క ఎట్లుంటుందో చూడు. 34 ఏళ్ల ఇల్లాలి పనికి యాక్సిడెంటు కేసులు చూసే ట్రిబ్యునల్ నెలకు 9 వేలు కట్టిందనుకో. ఏడాదికి 1,08,000. నలభై లోపు వయసు గనక 40 శాతం కలుపుతారు: 1,51,200. మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్త ఆమె మీద ఆధారపడితే ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తారు: 1,13,400. ఆ వయసుకు 16తో గుణిస్తారు. 18,14,400 రూపాయలు! అంత్యక్రియల ఖర్చులాంటివి దీనికి అదనం. పెద్దమనుషుల లక్ష ఎక్కడ, ఇదెక్కడ?

ఇది రావాలంటే డ్రైవరు తప్పు చూపించాలి. తప్పు చూపించలేకపోయినా, చనిపోతే 5 లక్షలు, పెద్ద గాయమైతే రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షన్ వేరే ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయినవారి కుటుంబానికి సర్కారు పథకం కింద 2 లక్షలు. 2022 ఏప్రిల్ నుంచి క్లెయిముకు 6 నెలల గడువు పెట్టారు, కర్మకాండలు అయ్యాక చూద్దామని నాన్చొద్దు. యాక్సిడెంటు ఎక్కడ జరిగినా మనముండే చోటి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు ఒక్కటి కూడా పారేయొద్దు.

ఇంకొకటి, దీనికి నాకు భయమెక్కువ. సరుకు లారీలో ఊరికే ఎక్కి పోయేవాళ్లకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు ఓనరే కట్టుకోవాలి. వాడి దగ్గర ఏమీ లేకపోతే తీర్పు కాగితమే మిగులుతుంది. కూలి పది రూపాయలు తగ్గినా సరే, లోడు మీద ఎక్కొద్దు తల్లీ.

లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఆస్తి ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చెయ్, ఆ తర్వాతే ఏ కాగితమైనా ముట్టుకో.