బొమ్మను కదిపిన చెయ్యి

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగితే, హాస్టల్లో ఒక రాత్రి చూసిన బొమ్మల సినిమా గురించి రాస్తానన్నాను. "చిన్నపిల్లల బొమ్మలకు వ్యాసం ఎందుకోయ్?" అని నవ్వారు. ఆ నవ్వుకు జవాబు చెప్పటమే ఇక్కడ నా ఉద్దేశం.

ఆ చిత్రం 'ది హౌస్'. 2022 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. మూడు కథల సంపుటి. మూడింటినీ రాసినవారు ఐర్లండు నాటకకర్త ఎండా వాల్ష్. దర్శకులు మాత్రం వేరువేరు. మనుషులు, కాలాలు మారుతాయి. ఇల్లు మాత్రం ఒక్కటే.

ముందు పద్ధతి సంగతి చూద్దాం. స్టాప్ మోషన్ అంటే బొమ్మను కాస్త కదిపి, చెయ్యి తీసేసి, ఒక ఫొటో తీయటం. మళ్ళీ కదపటం, మళ్ళీ తీయటం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు తీసినా, నిమిషం దృశ్యానికి బొమ్మ భంగిమను 720 సార్లు సర్దాలి. మన తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనుక ఉన్నాడని మనకు తెలుసు. అతని గొంతు వింటూనే ఉంటాం. ఇక్కడ ఆ చెయ్యి రెండు ఫ్రేముల నడుమ వచ్చి మాయమౌతుంది. కదిలించినవాడు లేకుండా కదలిక మాత్రం మిగులుతుంది. పైగా అది గీసిన బొమ్మ కాదు. నిజమైన గుడ్డ, నిజమైన ఉన్ని, నిజమైన వెలుతురు. ప్రాణం లేదని కంటికి తెలుస్తూనే ఉంటుంది, ప్రాణముందనీ అనిపిస్తూ ఉంటుంది. మనకు కలిగే జంకుకు మూలం అదే.

1933 నాటి 'కింగ్ కాంగ్'లో విల్లిస్ ఓబ్రయన్ బృందం బొమ్మను కదిపినప్పుడల్లా వేళ్ళు తగిలి దాని బొచ్చు చెదిరింది. తెరమీద అది ఒళ్ళు జలదరించినట్లు కనబడుతుంది. దాగిన చెయ్యి అలా తన జాడ వదిలింది!

ఇక కథలు. మొదటిదాన్ని ఎమ్మా డ స్వేఫ్, మార్క్ జేమ్స్ రూల్స్ తీశారు. బంధువుల చిన్నచూపుకు కుమిలిపోయే ఒక తండ్రికి వింత వాస్తుశిల్పి ఊరకే పెద్ద ఇల్లిస్తాడు. చివరికి ఆ తండ్రి కుర్చీ అయిపోతాడు, తల్లి కర్టెన్ అయిపోతుంది. నీకీ లిన్‌డ్రోత్ ఫాన్ బార్ తీసిన రెండవ కథలో ఒక ఎలుక అప్పుచేసి ఆ ఇంటిని బాగుచేసి అమ్మజూస్తుంది; చూడవచ్చిన జంట కదలనంటుంది, గోడల్లో పురుగులు. పలోమా బాయెజా తీసిన మూడవ కథలో చుట్టూ వరద నీళ్ళు. రోజా అనే పిల్లి ఇంకా గోడలకు కాగితం అంటిస్తూనే ఉంటుంది.

సంపుటి కావటంలో బలం ఇక్కడుంది. రెండవ కథ మొదలయ్యేసరికి ఆ ఇల్లు ఎలాంటిదో మనకు తెలుసు, పాపం ఎలుకకు తెలియదు. మూడవ కథకు వచ్చేసరికి రోజాను "వదిలెయ్యవే తల్లీ!" అని బతిమాలాలనిపిస్తుంది. ఒకే పెద్ద కథలో ఈ హెచ్చరిక ఇంత సూటిగా అందదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మనవాళ్ళు. మా నాన్న ఇల్లు కట్టి తొమ్మిదేళ్ళయింది, అప్పు ఇంకా తీరలేదు. ముందుగదిలో సోఫాకు దుకాణంవాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉంది. మాసిపోతుందని నాన్న దానిమీద కూర్చోరు. పక్కన చాప వేసుకుంటారు. తెరమీద ఆ తండ్రి కుర్చీగా మారుతుంటే మా గదిలో అందరూ "అమ్మో!" అన్నారు. నాకు మాత్రం మా చాప గుర్తుకొచ్చింది.

ఆ రాత్రే ఫోన్ చేశాను. "ఎలా ఉన్నారు నాన్నా?" అంటే, "పడమటి గోడకు చెమ్మ దిగుతోందిరా" అన్నారు. నేనడిగింది ఆయన గురించి, ఆయన చెప్పింది ఇంటి గురించి!

కనిపించని చెయ్యి ఆడిస్తే ఆడే బొమ్మలను చూసి జంకుతాం. మనల్ని ఆడించే చేతులూ అంతే కనిపించవు. ఈ మాట చెప్పటానికి బొమ్మలకన్నా తగిన నటులెవరు? అయితే ఈ చిత్రం భయపెట్టి వదిలెయ్యదు. చివరకు రోజా ఇల్లు పడవై నీటిమీద సాగిపోతుంది. పట్టు సడలించాకే దారి దొరికింది.

మిత్రులు వీలు చేసుకుని చూడవలసిందిగా మనవి. నేనైతే ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళగానే ఆ సోఫా కవరు చింపి నాన్నను కూర్చోబెడతాను. కోప్పడితే పడనీ.