సింగపూర్ విమానం వచ్చింది, దుబాయ్ విమానం ఎందుకు నిలవలేదు?



మన గాజువాక నుంచి విమానాశ్రయం ఏడెనిమిది కిలోమీటర్లే. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు డాబా ఎక్కితే షీలానగర్ వైపు దిగే విమానం దీపాలు కనిపిస్తాయి. అయినా మా బావ దుబాయ్ పనికి వెళ్లినప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కాడు. ఆయన ఆటోనగర్‌లో వెల్డింగ్ నేర్చుకున్నవాడు. రైలు దగ్గర సాగనంపుతుంటే, "ఒరే బామ్మర్దీ, మనూళ్లోనే విమానాలు దిగుతున్నాయి కదా, నాకెందుకురా ఈ తిరుగుడు? చదువుకున్నోడివి నువ్వు చెప్పు" అన్నాడు. "రన్‌వే చిన్నదేమో బావా" అన్నాను. అది తప్పు జవాబని తర్వాత చదివితే తెలిసింది.

ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. సోషల్ మాస్టారి దగ్గర గ్లోబు అడిగి, ఒక దారం తీసుకోండి. విశాఖపట్నం నుంచి దుబాయ్‌కి దారం బిగించి పట్టండి. అదే దారంతో విశాఖ నుంచి సింగపూర్‌కి కొలవండి. రెండూ దాదాపు సమానం! దుబాయ్ సుమారు 3,000 కిలోమీటర్లు, సింగపూర్ సుమారు 2,900. దూరం ఒకటే, ఎగిరేది ఒకే రకం చిన్న విమానం, రన్‌వే కూడా అదే. కానీ సింగపూర్‌కి విశాఖ నుంచి 2011లోనే సిల్క్ ఎయిర్ సర్వీసు మొదలైంది. 2019లో అది స్కూట్ సంస్థ చేతికి వెళ్లింది. కోవిడ్ రోజుల్లో ఆగినా మళ్లీ నడిచింది. ఎయిరిండియా హైదరాబాద్ మీదుగా దుబాయ్‌కి నడిపిన సర్వీసు మాత్రం నిలవలేదు.

మరి రన్‌వే సంగతేమిటి? మన విమానాశ్రయం నౌకాదళానిది, దాని పేరు ఐ.ఎన్.ఎస్. డేగా. పౌర విమానాలు అందులో ఒక పక్కన వాడుకుంటాయి. పాత రన్‌వే 6,000 అడుగులే. 2007లో 10,007 అడుగుల కొత్త రన్‌వే వచ్చింది. దుబాయ్ వెళ్లే ఎయిర్‌బస్ ఎ320 కి ఇది చాలినంత కన్నా ఎక్కువ. నౌకాదళం అవసరాలు ముందు, మనవి తర్వాత కాబట్టి వేళల ఇబ్బంది ఉంటుంది, నిజమే. కానీ ఆ ఇబ్బంది సింగపూర్ విమానానికీ ఉంటుంది కదా.

అసలు కిటుకు కాగితంలో ఉంది. 1944లో అమెరికాలోని చికాగోలో చాలా దేశాలు కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయి. దాని ప్రకారం ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదే. వేళాపట్టిక ప్రకారం నడిచే పరదేశపు విమానం అనుమతి లేకుండా రాకూడదు. అందుకని రెండేసి దేశాలు ఒప్పందాలు చేసుకుంటాయి. ఏ ఊరికి రావచ్చు, వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చు అన్నది అందులో ఉంటుంది. బస్సుకి రూట్ పర్మిట్ ఉన్నట్టే అనుకోండి.

2003లో భారత ప్రభుత్వం సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ వంటి ఆసియాన్ దేశాల విమాన సంస్థలకు పెద్ద వెసులుబాటు ఇచ్చింది. మన దేశంలో 18 ఊళ్లకు ఎన్ని సర్వీసులైనా నడుపుకోవచ్చు అంది. తిరుచ్చి, గయ, భువనేశ్వర్, అమృత్‌సర్ ఉన్న ఆ జాబితాలో మన విశాఖపట్నం పేరు కూడా ఉంది! అందుకే సింగపూర్ తర్వాత 2015లో ఎయిర్ ఏషియా కౌలాలంపూర్ నుంచి వచ్చింది. ఆగినా 2024లో మళ్లీ తలుపు తట్టగలిగింది.

దుబాయ్‌తో లెక్క వేరు. 2014 నాటికి ఒక్కో వైపుకి వారానికి సుమారు 66 వేల సీట్లని హద్దు పెట్టారు. ఎమిరేట్స్ మన దేశంలో 9 నగరాలకు నడుపుతోంది, విశాఖ వాటిలో లేదు. మన దేశపు సంస్థలకీ సీట్లు హద్దులోనే కాబట్టి, ఎక్కువ డబ్బు వచ్చే ఢిల్లీ, ముంబై నుంచి వాడుకోవాలనే చూస్తాయి. గాజువాక వెల్డరు కొనేది చవక టిక్కెట్టు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కానీ ఆ చవక టిక్కెట్టుకి రైలు ఖర్చు, ఒక రోజు కూలీ కలిపితే మా బావకి చవక కాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

(కాగితం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్ పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి విడిగా తీసుకోవాలి. పదో తరగతి తప్పి హాస్టల్ వదిలేద్దామనుకునే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి.)

అయితే కాగితం ఒక్కటే చాలదు. అమెరికాతో మన దేశానికి 2005 నుంచి ఎన్ని సర్వీసులైనా నడుపుకునే ఒప్పందం ఉంది. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి నేరుగా చికాగోకి విమానం వేసింది. మన తెలుగువాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. అయినా అది ఆగిపోయింది. అంత దూరం ఎగిరే విమానాలు ఏ సంస్థ దగ్గరైనా కొన్నే ఉంటాయి. బోయింగ్ 787 రకం విమానం గంటకు సుమారు 5 టన్నుల ఇంధనం తాగుతుంది. విశాఖ నుంచి లండన్ సుమారు 8,000 కిలోమీటర్లు, అంటే పది గంటల పైమాటే. యాభై టన్నుల ఖర్చు రాబట్టాలంటే ముందు వరసల ఖరీదైన సీట్లు నిండాలి, కింద సరుకు కూడా ఉండాలి. హైదరాబాద్‌కి మందుల ఎగుమతి ఉంది. మన రొయ్యలు గడ్డకట్టించి కంటైనర్లలో ఓడ ఎక్కుతాయి, విమానం ఎక్కవు.

ప్రభుత్వం డబ్బు పోస్తే నిలుస్తుందా? విజయవాడ నుంచి సింగపూర్‌కి 2018 డిసెంబరులో ఇండిగో సర్వీసు మొదలైంది. సీట్లు నిండకపోతే నష్టం భర్తీ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 2019 మధ్యలో ఆ సాయం ఆగింది, విమానమూ ఆగింది.

ఇక భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. రన్‌వే 3.8 కిలోమీటర్లు. నౌకాదళం వేళల పేచీ అక్కడ ఉండదు, పెద్ద విమానాలకు చోటు ఉంటుంది. గాజువాక వాళ్లకు మాత్రం ఊరంతా దాటి విజయనగరం జిల్లాలోకి పోవాలి. అది సర్దుకోవచ్చు, హైదరాబాద్ కన్నా దగ్గరే.

మొన్న బావ ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే రన్‌వే ఎంత పొడుగో కాదు, దుబాయ్ ఒప్పందంలో మనూరి పేరు ఎక్కిందా లేదా అని పేపర్లో చూస్తుండు" అన్నాడు. చూస్తున్నాను.