ఆ రాత్రి బోళ్లు కడిగిందెవరు?

సమస్య

మాది బాన్సువాడ మండలంలో ఒక ఊరు. పదో తరగతి దాకా చదివాను. పెండ్లయి పంతొమ్మిదేండ్లు. మూడెకరాలుంది, నిజాంసాగర్ కాలువ కింద వరి వేస్తాం. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేదు.

పొదుపు సంఘంలో చేరి, లీడర్‌నై, మూడేండ్ల నుంచి మా గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిగా ఉన్నాను. ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం మా సమాఖ్యే నడుపుతుంది. తేమ చూడటం, సంచులు తెప్పించడం, కాంటా పెట్టించడం, లారీల కోసం కొట్లాడటం అన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు మండల సమాఖ్య అధ్యక్షురాలిగా నిలబడమని మిగతా ఊళ్ల వాళ్లు అడుగుతున్నారు. నాకూ చేయాలనే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మా ఆయన మంచివాడే. తాగడు, కొట్టడు. కానీ "ఊరి పదవి చాలు, మండలం దాకా పోతే ఇల్లు ఆగమైతది" అంటున్నాడు. అత్తమ్మదీ అదే మాట. నాకూ భయమే. పోయిన యాసంగిలో ఒక రాత్రి వాన ముంచుకొస్తే, రైతుల వడ్ల కుప్పల మీద పరదాలు కప్పించి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అందరూ పడుకున్నారు. గిన్నెలో మెతుకు లేదు. పాప పాపం బోళ్లన్నీ కడిగి బోర్లించింది. నీళ్లు తాగి పడుకున్నాను. ఆ పిల్ల ఉండబట్టే నేను బయట తిరగగలుగుతున్నాను. కానీ ఈ మధ్య బళ్లో టీచర్ పిలిచి, పాప క్లాసులో కునుకు తీస్తోందని చెప్పింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఉన్న పదవి కూడా వదిలేసి ఇల్లు చూసుకోనా? మండలానికి నిలబడనా?

– ఒక సోదరి, బాన్సువాడ మండలం

సలహా

అమ్మా, మీరడిగిన దానికి జవాబు ఒక్క మాటలో చెబుతాను: నిలబడండి. రాత్రిపూట వానలో ఊరివాళ్ల వడ్లను కాపాడిన మనిషిని మండలం కోరుకుంటుంటే, వద్దని చెప్పడానికి నాకు కారణమేదీ కనిపించలేదు. రానుపోను ఖర్చుల సంగతా? 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ లేదు. లెక్కల పుస్తకాలా? మీకు ఇప్పటికే తెలుసు. ఉన్న పదవి వదులుకోవడం గురించైతే ఆలోచించనే వద్దు.

నన్ను పట్టుకున్నది వేరే విషయం. బోర్లించిన ఆ బోళ్లు. ఇంట్లో నలుగురు తిన్నారు. ఐదో మనిషికి ఇంత అన్నం తీసిపెట్టాలని ఒక్కరికీ తోచలేదు. ఆ పరదాల కింద మీ ఇంటి వడ్లు కూడా ఉండి ఉంటాయి. అయినా మీకు కోపం రాలేదు, పాప బోళ్లు కడిగిందని సంతోషించారు. ఇక్కడే మిమ్మల్ని కోప్పడాలనిపిస్తోంది. మీ బాబు గురించి ఉత్తరమంతటిలో ఒకే ఒక్క ముక్క ఉంది, ఇంటర్ రెండో సంవత్సరమని. ఆ రాత్రి అతనేం చేస్తున్నాడు? తన కంచం తాను కడిగాడా? ఈ ప్రశ్న మీకెందుకు రాలేదు?

పాప కునుకు తీస్తోందంటే కారణం మీ పదవి కాదు. మీరు బయటికి వెళ్లినప్పుడు మీ పని మొత్తం ఆ పదమూడేళ్ల పిల్ల మీద పడుతోంది. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఉండగా పడుతోంది. మీ ఆయన అంటున్న 'ఆగం' అదే అయితే, దాన్ని ఆపగలిగింది ఆయనే.

మన ఆడవాళ్ల సంఘాల కథ చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా పల్లెల్లోనే పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడ్డాక సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య నిలబడ్డాయి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం స్థానిక పదవుల్లో సగం ఆడవాళ్లకిచ్చింది. ఇన్నేళ్లలో కుర్చీలు వచ్చాయి. ఆ కుర్చీలో కూర్చోవడానికి కావలసిన గంటలు మాత్రం ఏ జీవోతోనూ రాలేదు. వాటిని ఇంటి మగవాళ్లు ఇవ్వాలి. లేదంటే ఇంట్లో ఇంకో ఆడమనిషి నుంచి లాక్కోవాలి. అత్తమ్మకు ఓపిక ఉన్న ఇళ్లలో అత్తమ్మ నుంచి, మీ ఇంట్లో పాప నుంచి.

ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా తిరిగి ఎవరు ఏ పనికి ఎంతసేపు ఇస్తున్నారో లెక్క తీసింది. అప్పటికి ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే ఇచ్చేవారు. మగవాళ్లు 97 నిమిషాలు. అదీ ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల లెక్క. అలాంటివాళ్లు నూటికి 26 మందే. మిగతా మగవాళ్లు రోజంతట్లో ఒక్క గిన్నె కూడా తీయలేదు.

బాబుకు పరీక్షలంటారు. పాపకు లేవా? ఆయన పొలం నుంచి అలసి వస్తాడంటారు. మీరూ నాట్లకు, కలుపుకు వెళ్లి వచ్చినవాళ్లే కదా. వాళ్లకు వంట రాదంటారు. మిషన్ పెట్టి తేమ చూడటం మీకు పుట్టుకతో వచ్చిందా? నేర్చుకున్నారు. కుక్కర్‌లో అన్నం పెట్టడం అంతకంటే కష్టం కాదు. పదిహేడు శాతం తేమ దాటితే చుట్టపువాడి వడ్లనైనా ఇంకా ఆరబెట్టమని చెప్పాల్సిన కుర్చీ మీది. ఆ గట్టితనం మీ ఇంటి గడప దాటి లోపలికి రావాలి.

మన ఇళ్లలో కొడుకు తిన్న కంచం తల్లి తీస్తుంది, తల్లి లేకపోతే చెల్లెలు తీస్తుంది. ప్రేమతోనే చేస్తాం, నిజమే. కానీ ఆ ప్రేమను చూస్తూ పెరిగిన ఆడపిల్ల తన నిద్ర ఎవరికీ లెక్కలోకి రాదని నేర్చుకుంటోంది. రేపు కోడలిగా వచ్చే పిల్ల ఉద్యోగం చేస్తానంటే ఇల్లు ఆగమైతదని మీ అబ్బాయి అనకూడదనుకుంటే, ఇవాళ అతని చేతికి పీచు, సబ్బు ఇవ్వండి. పదిహేడేళ్లు నిండుతున్నవాడికి ఇది శిక్ష కాదు, ఆలస్యంగా మొదలవుతున్న చదువు.

ఇక మీ ఆయన. తాగకపోవడం, కొట్టకపోవడం ఏ మనిషికైనా ఉండాల్సినవే, వాటికోసం మీరు రుణపడి ఉండక్కర్లేదు. ఆయన మంచివాడన్న మీ మాట నమ్ముతున్నాను. అందుకే చెబుతున్నాను, ఆయన్ని అడగండి. కసురుకోవద్దు, బతిమాలవద్దు. అత్తమ్మను కూడా కూర్చోబెట్టుకుని, కొనుగోలు కేంద్రం నడిచే రోజుల్లో రాత్రి వంట ఆయనది, బోళ్లు బాబువి, అన్నం తిన్నాక పాప పుస్తకాల దగ్గరికి, పక్క మీదికి తప్ప ఎక్కడికీ వెళ్లదు అని తేల్చండి. కూర్చుని కూరగాయలు తరిగే పనికి అత్తమ్మ తానే ముందుకొస్తుందేమో, ఆమెను తప్పుపట్టకండి. ఆమెకూ తన రోజుల్లో ఎవరూ అన్నం తీసిపెట్టి ఉండరు. మొదట్లో అన్నం మాడుతుంది, బోళ్లకు జిడ్డు ఉంటుంది. మీరు లేచి మళ్లీ కడగవద్దు.

ఈ వారంలోనే ఆయన్ని వెంటబెట్టుకుని బడికి వెళ్లి ఆ టీచర్‌ని కలవండి. పిల్ల ఎందుకు నిద్రపోతోందో ఆయన చెవులతో ఆయనే వినాలి. తర్వాత మండల సమాఖ్య ఎన్నిక తేదీ ఎప్పుడో సమాఖ్య పనులు చూసే మీ సీసీని అడిగి తెలుసుకోండి. ఎన్నికయ్యాక మీటింగులకు మీరే వెళ్లండి, మీరే మాట్లాడండి. సంతకం మీది, మాట ఆయనది అయ్యే పద్ధతి మొదటి నెలలోనే మొదలవుతుంది, ఆ నెల జాగ్రత్త.