అసలు చట్రము, నకలు రేకు: పాత స్పోర్ట్స్ కారు తలుపును గూర్చి ఒక పాఠము

అసలు, నకలు అను మాటలు రెండును అరబ్బీలో పుట్టి, ఉర్దూ ద్వారా మన తెలుగులో స్థిరపడినవి. కచేరీ కాగితములకే గాక యంత్రములకు కూడ ఇవి చక్కగా సరిపోవును. తయారీ ఏనాడో నిలిచిపోయిన మోటారు కారును పునరుద్ధరింపబూనిన వానికి అసలు భాగము దొరకుట అరుదు, దొరకునది నకలు. ఆ నకలును అసలుతో కలుపుట ఎట్లు అనునదే మన పాఠము. ఉదాహరణముగా ఎం.జి.బి. అను ఆంగ్లేయుల స్పోర్ట్స్ కారు తలుపును తీసికొందము.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున 1962లో మొదలైన ఈ కారు తయారీ 1980లో ముగిసినది. మన విద్యార్థులకు ఇది పూర్తిగా పరాయి వస్తువు కాదు. 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడర్‌లో చాలకాలము పనిచేసిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఒకే బి.ఎం.సి. వంశమునకు చెందినవి. 1975లో ఏర్పడిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను సేకరించి, 1988 నుండి ఎం.జి.బి. బాడీని మొత్తముగా క్రొత్తగా తయారుచేయసాగినది. అయితే బజారులో దొరకు ప్రతి భాగమును ఆ పాత అచ్చులలో పుట్టినదని తలపరాదు. పాత భాగమును కొలిచి, క్రొత్త అచ్చులతో నొక్కి తీసినవి కూడ కలవు.

నకలు తలుపు సరిగా కూర్చుండనప్పుడు తయారుచేసిన వానిని నిందించుట సులభము. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇచ్చట గుర్తుకు రాక మానదు. ఆ రోజులలో ఫ్యాక్టరీయందే పనివారు ఒక్కొక్క తలుపును దాని బాడీకి చేతితో సవరించి అమర్చెడివారు. కనుక ఒక కారు ద్వారమునకును మరియొక కారు ద్వారమునకును స్వల్ప భేదము మొదటి నుండియు కలదు. అటుపై అర్ధ శతాబ్దపు తుప్పు, ఏవో ప్రమాదములు, చేయి తిరగని వారి మరమ్మతులు తోడగును. దోషము రేకులో ఉండవచ్చును, తలుపు లోపలి చట్రములో ఉండవచ్చును, లేక కారు బాడీయే వంగి ఉండవచ్చును. ఏది వంకరయో తేల్చుకొనక ముందు కట్టెరతోగాని, వెల్డింగుతోగాని పనిలేదు.

మా దృష్టిలో మూడవదియే మిక్కిలి ప్రమాదకరము. ఎం.జి.బి.కి ముందు వచ్చిన ఎం.జి.ఏ. కారుకు బాడీ క్రింద ప్రత్యేకమైన ఛాసిస్ ఉండెడిది. ఎం.జి.బి.కి అట్టిది లేదు. బాడీయే బరువును మోయును. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ఆ భారములో పెద్ద పాలు తలుపుల క్రింద నిడివిగా సాగు పెట్టె వంటి దూలముల మీద పడును. వానిని సిల్లులు అందురు. తుప్పు మొదట తినునది కూడ ఆ సిల్లులనే. పుచ్చిన సిల్లును కోసి తీసినంతనే కారు నడుము దిగును; నడుము దిగినంతనే ద్వారమునకు ముందు వెనుకలనున్న స్తంభములు పైభాగమున ఒకదానివైపు ఒకటి వాలును. ఆ స్థితిలో క్రొత్త సిల్లును వెల్డు చేసినచో, ఆ వంకర శాశ్వతమగును. పిదప ఎంత మేలైన తలుపు తెచ్చినను అది పైన రాసుకొనును, క్రింద సందు విడుచును. దానికి చికిత్స క్రొత్త సిల్లును తిరిగి కోయుటయే.

కనుక క్రమము ఇట్లుండవలెను. కారును రెండు కొసలయందు జాకీలతో లేపక, చక్రముల బరువు పడు చోటులనే ఆధారములు పెట్టి సమమట్టమున నిలుపవలెను. ద్వారమునకు అడ్డముగా ఇనుప కమ్మీలు బిగించి, మూలకు మూలకు కొలతలు వ్రాసికొనవలెను. ఒక ప్రక్క ముగిసినదాక రెండవ ప్రక్కను ముట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, సిల్లును వెల్డు చేయక ముందే తలుపును కీళ్ళకు తగిలించి, ముందు మడ్‌గార్డును తాత్కాలికముగా బిగించి, సందులను చూడవలెను. చుట్టును సుమారు 4 లేక 5 మిల్లీమీటర్ల సందు సమానముగా వచ్చినచో పని సాగించవచ్చును. పైరంగు వేయు వేళకు తలుపు సంగతి చూతమను వారు మన షెడ్లలోను తక్కువ కాదు.

ఇక తలుపు పైరేకు. ఎం.జి.బి. తలుపులలో త్రికోణపు చిన్న అద్దము వెనుక మూల క్రింద రేకు చీలుట పేరు పొందిన జబ్బు. చీలిక చిన్నదైనచో దాని కొసన చిన్న రంధ్రము చేసి, వెల్డు చేసి, వెనుక బలమునకు ముక్క వేసి పాత రేకునే నిలుపుట మేలని మా అభిప్రాయము. అడుగు అంచు కూడ తుప్పుతో పోయినప్పుడే పైరేకును మార్చవలెను. పాత రేకు చట్రము చుట్టును మడతపడి ఉండును. ఆ మడత అంచును మాత్రము గ్రైండరుతో సన్నగా అరగదీసి, పైకొసల వెల్డులను విడదీసినచో రేకు ఊడి వచ్చును. లోతుగా అరగదీసినచో చట్రపు అంచు కూడ తెగును. చట్రమును శుభ్రపరచి, క్రింది పట్టెను బాగుచేసి, తుప్పు నిరోధించు రంగు పూయవలెను.

క్రొత్త రేకును చట్రముపై క్లాంపులతో పట్టించి, అంచు మడవక మునుపే తలుపును కారుకు తగిలించి చూచుటలో ఒక రహస్యము కలదు. రేకు లేని చట్రము మెలి తిరుగగలదు. చేతులతో మెల్లగా త్రిప్పి సరిచేయవచ్చును. అంచు మడిచిన పిదప రేకు, చట్రము ఏకమై బిగిసిపోవును. అప్పటికి ఉన్న మెలి అట్లే ఉండిపోవును. మడుచునప్పుడు సుత్తె ఒక్కచోటనే పడరాదు. వెలుపలి వైపు గుడ్డ చుట్టిన డాలీని ఆనించి, మొదటి చుట్టులో కొంత, రెండవ చుట్టులో మరికొంత, మూడవ చుట్టులో పూర్తిగా, ఇట్లు చుట్టి రావలెను. ఒకే మారు మడిచినచో వెలుపల రేకు అలలు తేలును. మా విద్యార్థుల చేతులు తొందరపడునది ఇచ్చటనే.

పిడులు, రబ్బరులు తరువాతి సంగతి. 1965 వరకు వచ్చిన కార్లకు లాగు పిడియు, ఆపైవానికి బొత్తాము పిడియు ఉండును. తెప్పించునప్పుడు సంవత్సరము చెప్పవలెను. నకలు రబ్బరు బీడింగు తరచుగా అసలుకంటె గట్టిది. అది తలుపును వెలుపలికి నెట్టును. అప్పుడు కీళ్ళను కదల్చరాదు. రబ్బరు లేకుండ తలుపు సరిగా పడుచున్నదేమో మొదట చూచి, పిదప మెత్తని రబ్బరు వెదకుటయో, లాక్ తగులు కొక్కెమును కొద్దిగా సవరించుటయో చేయవలెను. తలుపును విసరి మూయుట వలన క్రొత్త రేకు చీలునే గాని రబ్బరు లొంగదు.

చివరకు అద్దము, దాని పట్టాలు బిగించిన పిమ్మట చెంబెడు నీరు అద్దము మీదుగా తలుపులోనికి పోయవలెను. ఆ నీరు అడుగున ఉన్న రంధ్రముల గుండ బొట్టు మిగులక బయటికి రావలెను. రానిచో రంగో, మైనమో ఆ రంధ్రములను మూసినదని తెలిసికొని, సన్నని తీగతో పొడిచి, మరల నీరు పోసి చూడవలెను.