బండి ఎవరిదని అడగండి

మీ అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, రోబోను హ్యాక్ చేసే పోటీ ప్రాజెక్టు చేస్తున్నాం, సామాన్లకు డబ్బులు పంపు" అంటే కంగారు పడకండి. హ్యాక్ అనే మాట వినగానే చాలామందికి గుండె జారుతుంది. వద్దనేముందు, అసలేం చేస్తున్నారో చెప్పించుకోండి.

ఆ రోబో అంటే చిన్న చక్రాల బండి, దానిమీద రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక కెమెరా, వైఫై. తయారుచేసిన జట్టు అందులో కావాలనే కొన్ని లొసుగులు వదిలి, ఒక రహస్య పదం దాస్తుంది. దాన్నే ఫ్లాగ్ అంటారు. అవతలి జట్టు ఆ లొసుగు పట్టుకుని, బండిని తన మాట వినేలా చేసి ఫ్లాగ్ సంపాదించాలి. ఈ ఆట పేరు క్యాప్చర్ ద ఫ్లాగ్, పొట్టిగా సీటీఎఫ్. లాస్ వేగస్‌లో జరిగే డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో 1996 నుంచే ఆడుతున్నారు.

ఇందులో నేర్చుకునేది చాలా ఉంది. రోబోలకు విరివిగా వాడే రాస్ సాఫ్ట్‌వేర్ మొదటి తరంలో, ఆజ్ఞ ఇస్తున్నదెవరని అడిగే ఏర్పాటే లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లెవరు "ముందుకు పో" అన్నా చక్రాలు తిరుగుతాయి. తాము కట్టిన బండి కళ్లముందే పరాయివాళ్ల మాట విని గోడకు గుద్దుకుంటే, భద్రత ఎందుకో పిల్లలకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు ముందుగా అడగాల్సింది ఇదే: బండి ఎవరిది, ఎవరు ఒప్పుకున్నారు? 2015లో భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ జీప్ చెరొకీ కారును దూరం నుంచి లొంగదీసి చూపించారు. నడిపే విలేకరికి తెలుసు, కంపెనీకీ ముందే చెప్పారు. ఆ తర్వాత 14 లక్షల వాహనాలను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాది మిరాయ్ అనే ప్రోగ్రాం మాత్రం ఎవరినీ అడక్కుండా, పాస్‌వర్డ్ మార్చని ఊళ్లోవాళ్ల కెమెరాలనూ రౌటర్లనూ పట్టేసుకుంది. రాసింది ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్లే. కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. తెలివిలో వాళ్లేం తక్కువ కాదు, నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గర 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ ప్రకారం, మోసపు ఉద్దేశంతో అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లో చొరబడితే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి పోటీకి కాలేజీ నుంచి కాగితం మీద అనుమతి తీసుకున్నారా, బండ్లకు కాలేజీ వైఫైతో సంబంధం లేని విడి రౌటర్ పెట్టుకున్నారా అని అడగండి. పోలీసులా కాదు, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ.

బ్యాటరీ సంగతి కూడా మరవకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ వాడొద్దనండి, చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దనండి. కొత్త ప్రోగ్రాం వేసిన ప్రతిసారీ బండిని ఇటుకమీద పెట్టి, చక్రాలు గాల్లో ఉండగానే తిప్పి చూడాలి. బడి పిల్లలకైతే ఇదంతా ఇప్పుడే అక్కర్లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2013లో మొదలుపెట్టిన పికోసీటీఎఫ్ అనే ఆన్‌లైన్ పోటీ ఉచితం, దాంతో మొదలెట్టనివ్వండి.

ఒకరోజు ఓడిపోయి ఫోన్ చేస్తారు. "మా బండిని పది నిమిషాల్లో లాగేసుకున్నారమ్మా" అంటారు. మార్కులెన్ని పోయాయని అడక్కండి. ఎక్కణ్నుంచి దూరారమ్మా అని అడగండి. సగం అర్థం కాకపోయినా ఫోన్ పెట్టేయకుండా వినండి.